వయసు మీదికి నెట్టేయకండి

(హైదరాబాద్ శివార్లలోని కండ్లకోయలో ఒక ఉపాధ్యాయిని సంస్మరణ సభలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఈ హాల్లో కూర్చున్న చాలామందికి ఆవిడ చేతిరాతతో సహా గుర్తుంటుంది. ఊళ్లో తల్లికీ, ఆ తల్లి బిడ్డకూ కూడా అక్షరాలు దిద్దించిన మనిషి. తన పేరు కాగితాలకెక్కించవద్దని పిల్లలతో చెప్పి వెళ్లారు కాబట్టి, ఊరు పిలిచినట్టే పెద్ద టీచరమ్మ అంటాను. నేను డాక్టర్ని కాదు. నగరంలో క్యాన్సర్ రోగులకు కీమో ఎక్కించే డేకేర్ వార్డులో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఆవిడ నాకు పరిచయమైంది అక్కడే. జబ్బు గురించి డాక్టర్లు నాకన్నా బాగా చెబుతారు. సూది తీసేశాక, ఫైలు చంకన పెట్టుకుని ఇంటికి వెళ్లిన పెద్దావిడకు మళ్లీ మందు ఎక్కేదాకా ఏమవుతుందో నేను చెప్పగలను. దాని గురించే మాట్లాడతాను.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. అండాశయ క్యాన్సర్ వచ్చిన పెద్ద వయసు స్త్రీ విషయంలో మనం ప్రతిదాన్నీ వయసు మీదికి నెట్టేస్తున్నాం. కడుపు ఉబ్బితే వయసు వల్ల అంటాం. జబ్బు బయటపడ్డాక ఈ వయసులో చికిత్స ఎందుకంటాం. చికిత్స నడుస్తుంటే నీరసం, తిమ్మిర్లు, మరుపు వయసుకు మామూలేనంటాం. ఆవిడ కూడా అదే అంటుంది: "ఏమైతది బిడ్డా, వయసైపాయె." ఆ మాటతో ఇంట్లో వాళ్లు ఊరుకుంటారు, డాక్టరు ఊరుకుంటాడు, ఆవిడా ఊరుకుంటుంది. దీన్ని మానుకోవాలని అడగడానికే ఇవాళ వచ్చాను.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఏడాదికి 47 వేల పైచిలుకు స్త్రీలకు కొత్తగా అండాశయ క్యాన్సర్ వస్తున్నది, 33 వేల మంది దాకా చనిపోతున్నారు. మన ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము, గర్భాశయ ముఖద్వారం తర్వాత మూడోది ఇదే. ఆ రెండింటికీ ముందుగా పట్టుకునే పరీక్షలున్నాయి. దీనికి అలా ఊరందరికీ చేయదగిన పరీక్ష లేదు. ఉన్నవల్లా కొన్ని ఆనవాళ్లు. కడుపు ఉబ్బరం తగ్గకపోవడం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, పొత్తికడుపులో నొప్పి, మూత్రానికి మాటిమాటికీ వెళ్లాల్సిరావడం. ఇవి గ్యాస్ లాగానే ఉంటాయి గనుక అందరూ గ్యాస్ గోలీలతో నెలలు గడుపుతారు. పెద్ద టీచరమ్మకూ అదే జరిగింది. ఆవిడకు అనుమానం కలిగించింది కడుపునొప్పి కాదు, చీర. రోజూ కట్టే నేత చీరకే కుచ్చిళ్లు తక్కువ వస్తున్నాయని గమనించారు. తిండి తగ్గి, ముఖం పీక్కుపోయి, నడుము చుట్టుకొలత మాత్రం పెరుగుతున్నదంటే లోపల ఏదో ఉందని ఆవిడే అనుకుని, కూతురిని వెంటబెట్టుకుని స్కానింగ్‌కు వెళ్లారు. పొట్టలో నీరు. ఆ తర్వాత సీఏ-125 రక్తపరీక్ష, బయాప్సీ. అప్పటికి ఆవిడ డెబ్బై దాటారు. అరవై దాటిన ఆడవాళ్లకు కొత్తగా మొదలైన ఉబ్బరం రెండు మూడు వారాలైనా తగ్గకపోతే అల్ట్రాసౌండ్ చేయించమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

ఈ జబ్బుకు ఎక్కువమందికి ఇచ్చే మందులు రెండు. కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. మూడు వారాలకోసారి, సాధారణంగా ఆరుసార్లు. పెద్దవాళ్లకు చాలాసార్లు ముందు మూడు కీమోలిచ్చి, గడ్డ తగ్గాక ఆపరేషన్ చేసి, మిగతావి తర్వాత ఇస్తారు. కీమో అంటే మన ఊళ్లల్లో ఇంకా భయమే. "ఆ మందు ఎక్కిస్తే రోగం కాదు, మనిషే పోతది" అనే మాట నేను డేకేర్ బయటి బెంచీల మీద విన్నన్నిసార్లు మరే మాటా వినలేదు. కానీ అసలు క్యాన్సర్‌కు మందు అనే ఆలోచన నిలబడటంలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన మందునే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు.

కార్బోప్లాటిన్ కథ మాత్రం ఇవాళ్టి విషయానికి నేరుగా సంబంధించింది. అంతకుముందు సిస్‌ప్లాటిన్ ఉండేది. అమెరికాలో 1978లో అనుమతి వచ్చింది. జబ్బును బాగా తగ్గించేది గానీ రోగులు ఆగకుండా వాంతులు చేసుకునేవారు. కిడ్నీలు దెబ్బతినేవి, చెవులు వినిపించేవి కావు. అది భరించాల్సిందేనని లండన్ రాయల్ మార్స్‌డెన్ ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్యాన్సర్ రీసెర్చ్ వైద్యులు ఊరుకోలేదు. అంతే పని చేస్తూ తక్కువ బాధపెట్టే మందు కోసం వెతికితే కార్బోప్లాటిన్ దొరికింది. 1989లో దానికీ అనుమతి వచ్చింది. అంటే మన అమ్మలకు ఇవాళ ఎక్కుతున్న మందు పుట్టిందే రోగులు పడ్డ బాధను ఎవరో లెక్కలోకి తీసుకోవడం వల్ల. "కీమో అన్నాక ఇవన్నీ ఉంటాయి, ఓర్చుకోవాలి" అని ఎవరైనా అంటే నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

ఇక "ఈ వయసులో ఎందుకు" అనే ప్రశ్న. ప్రేమతో అడిగేవాళ్లున్నారు, ఖర్చుకు భయపడి అడిగేవాళ్లున్నారు. వయసు ఎక్కువ కదా, మందు సగం ఇస్తే చాలదా అని కూడా అడుగుతారు. దీన్ని పరీక్షించి చూశారు. ఫ్రాన్స్ వైద్యుల ఆధ్వర్యంలో ఈవాక్-1 అనే అధ్యయనం జరిగింది. డెబ్బై, ఆపైన వయసుండి, ఆరోగ్యం కూడా బలహీనంగా ఉన్న 120 మంది అండాశయ క్యాన్సర్ స్త్రీలను తీసుకుని, కొందరికి రెండు మందులూ, కొందరికి కార్బోప్లాటిన్ ఒక్కటే ఇచ్చారు. ఒక్క మందే ఇచ్చినవాళ్లు తొందరగా చనిపోతున్నారని తేలడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 2021లో అచ్చయింది. తేలికగా పోనిద్దామన్న దయ వాళ్ల ప్రాణానికే నష్టం చేసింది.

అలాగని అందరికీ ఒకే మోతాదు ఇవ్వాలనీ కాదు. అదే 2021లో అమెరికాలో మరో పెద్ద అధ్యయనం వచ్చింది. ముదిరిన క్యాన్సర్లున్న డెబ్బై దాటినవాళ్లకు చికిత్సకు ముందే వృద్ధాప్య పరీక్ష చేశారు. నడక ఎలా ఉంది, ఈ మధ్య పడిపోయారా, ఎన్ని రకాల గోలీలు మింగుతున్నారు, బరువు తగ్గారా, జ్ఞాపకం ఎలా ఉంది, ఇంట్లో తోడెవరు అని అడిగి, ఆ వివరాలు క్యాన్సర్ డాక్టరు చేతికిచ్చారు. అలా ఇచ్చినచోట తీవ్రమైన దుష్ప్రభావాలు నూటికి 51 మందికి వస్తే, ఇవ్వనిచోట 71 మందికి వచ్చాయి. ఇరవై మంది తేడా, కేవలం అడిగి తెలుసుకోవడం వల్ల. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి పెద్దవాళ్ల కోసం ఇలాంటి ప్రత్యేక క్లినిక్ నడుపుతున్నది. మీరు వెళ్లే ఆసుపత్రిలో అది లేకపోతే ఈ వివరాలన్నీ ఒక తెల్లకాగితం మీద మీరే రాసి ఫైల్లో పెట్టండి. ఇంట్లో ఉన్న గోలీలన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. పెద్ద టీచరమ్మ మొదటిరోజే ఆ కాగితం తెచ్చారు. ఆవిడ అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. మా డ్యూటీ డాక్టరు అన్ని కేసుషీట్లూ ఇలాగే ఉంటే ఎంత బాగుండేదన్నాడు.

ఇప్పుడు రెండు కీమోల మధ్య ఆ మూడు వారాల సంగతి.

మొదటి రెండు మూడు రోజులు స్టెరాయిడ్ బలంతో మనిషి బాగానే కనిపిస్తుంది. పాక్లిటాక్సెల్ పడకపోవడం జరగకుండా డెక్సామెథసోన్ ఇస్తారు. షుగర్ ఉన్నవాళ్లకు అది రక్తంలో చక్కెరను అమాంతం పెంచుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే ఆ రోజుల్లో ఎక్కువసార్లు చూడాలి. షుగర్ మందు మార్చాలా అని డాక్టర్ని ముందే అడగాలి. మూడో రోజు నుంచి ఒళ్లునొప్పులు, కీళ్లనొప్పులు. అప్పుడు మెడికల్ షాపుకు పోయి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీ తెచ్చి వేయకండి. కార్బోప్లాటిన్ మోతాదును కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో లెక్కగట్టి నిర్ణయిస్తారు. ఆ గోలీలు దెబ్బతీసేది ఆ కిడ్నీలనే. వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధకం తెస్తుంది. పెద్ద వయసు ఆడవాళ్లు ఈ సంగతి కొడుకు ముందు చెప్పరు. నాలుగైదు రోజులు బిగబట్టి, కడుపునొప్పితో ఆసుపత్రికి వస్తారు. కూతురో కోడలో మనవరాలో ఎవరో ఒకరు రోజూ అడగాలి. వాంతులకు ఓలాంజపిన్ కూడా ఇస్తున్నారు, బాగా పనిచేస్తుంది. మగత ఎక్కువ. 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 ఇచ్చినా దాదాపు అంతే పని చేస్తుందనీ, మగత తగ్గుతుందనీ టాటా మెమోరియల్ వైద్యులు 2024లో చూపించారు. రాత్రి బాత్రూంకు లేచే డెబ్బై ఏళ్ల మనిషికి ఆ తేడా చిన్నది కాదు. కాబట్టి మగతగా ఉందంటే చెప్పండి.

వాంతులో విరేచనాలో అవుతున్నప్పుడు బీపీ గోలీ యథాప్రకారం మింగితే బీపీ పడిపోయి, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. తుంటి ఎముక విరిగిందంటే కీమో ఆగిపోతుంది, ఒక్కోసారి మనిషి మళ్లీ లేవదు. ఆ రోజు గోలీ వేయాలా వద్దా అని ఒక ఫోన్ చేస్తే పోయేదానికి ఇంత జరుగుతుంది.

పది పన్నెండు రోజులకు తెల్లరక్తకణాలు బాగా తగ్గిపోతాయి. మనవాళ్లు కౌంట్ పడిపోయిందంటారు. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే, అర్ధరాత్రయినా పండగరోజైనా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. పెద్దవాళ్లలో ఇంకో చిక్కుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఒళ్లు కాలకపోవచ్చు. వణుకు, మాట తడబాటు, ఉన్నట్టుండి అయోమయం, పొద్దుట్నుంచి మంచం దిగకపోవడం, ఇవి కూడా జ్వరంతో సమానమే. "డోలో వేసినం, తగ్గింది, పొద్దున చూద్దామనుకున్నం" అని చెప్పి ఏడ్చిన కొడుకులను చూశాను. డోలో జ్వరాన్ని కప్పేస్తుంది, ఇన్‌ఫెక్షన్‌ను కాదు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ సేవ నడిపే సంస్థ ప్రాంగణం మనకు కూతవేటు దూరంలో, దేవరయాంజాల్‌లోనే ఉంది. 108కు ఫోన్ చేసినప్పుడు "కీమో పేషెంట్, జ్వరం" అనే రెండు మాటలు ముందు చెప్పండి. తెల్లకణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ సూదిని హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2001లోనే మన దగ్గర తయారుచేసి తెచ్చింది. ఆ సూది వేశాక నడుములో, తుంటిలో ఎముకలు గుంజుతాయి. అది మందు పనిచేస్తున్న గుర్తే, భయం లేదు.

అన్నిటికన్నా ఎక్కువసేపు నేను మాట్లాడదలచుకున్నది తిమ్మిర్ల గురించి. పాక్లిటాక్సెల్ నరాల కొసల్ని దెబ్బతీస్తుంది. వేళ్ల చివర్లు, పాదాలు మొదట జివ్వుమంటాయి, తర్వాత మొద్దుబారతాయి. మూడో నాలుగో కీమోకల్లా బాగా తెలుస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా తొందరగా. డాక్టరు "తిమ్మిర్లున్నాయా" అని అడిగితే "కొంచెం" అంటారు. అలా అడిగితే తెలియదు. పెద్ద టీచరమ్మను నేనడిగింది, "ముగ్గు వేస్తున్నారా?" అని. కాసేపు మాట్లాడలేదు. పిండి వేళ్ల మధ్య నుంచి జారుతున్నదో లేదో తెలియడం లేదనీ, గీత తెగిపోతున్నదనీ, నెలనుంచి కోడలే వేస్తున్నదనీ చెప్పారు. జాకెట్టు హుక్కులు మనవరాలు పెడుతున్నది. ఒక కాలి చెప్పు వాకిట్లోనే జారిపోయినా తెలియక, ఒంటి చెప్పుతో రోడ్డు దాకా వెళ్లారు. ఇన్ని జరుగుతుంటే ఆవిడ ఫైల్లో రాసి ఉన్నది "తిమ్మిర్లు: స్వల్పం".

అది స్వల్పం కాదు. హుక్కులు పెట్టుకోలేకపోవడం అంటే మందు మోతాదు గురించి మళ్లీ ఆలోచించాల్సిన దశ. అది చెప్పాకే డాక్టరు మోతాదు మార్చారు. ఇటలీలో మీటో-7 అనే అధ్యయనంలో ఇవే రెండు మందులను మూడు వారాలకోసారి పెద్ద మోతాదులో కాకుండా, వారం వారం చిన్న మోతాదుల్లో ఇచ్చి చూశారు. 2014లో వచ్చిన ఫలితాల్లో జబ్బు అదుపులో తేడా కనిపించలేదు, తిమ్మిర్లు మాత్రం తగ్గాయి. అందరికీ కుదరకపోవచ్చు. వారం వారం ఆసుపత్రికి రావాలి. కానీ చెబితేనే గదా అలాంటి దారి వెతికేది. ముదిరిన తర్వాత చెబితే నరాలు మళ్లీ కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కొందరికి పూర్తిగా పోదు. ఆఖరి కీమో అయిపోయాక కూడా కొన్నాళ్లు పెరగవచ్చు.

మందుల్లో దీని నొప్పికి రుజువున్నది డులోక్సెటిన్ ఒక్కటేనని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2020లో తేల్చింది. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ లాంటివి రాస్తుంటారు. అవి వేసుకున్నప్పుడు తూలిపోతుంటే వెంటనే చెప్పాలి. నరాల బలానికని షాపుల్లో అమ్మే కొన్ని గోలీల్లో ఎసిటైల్ ఎల్ కార్నిటిన్ ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ స్త్రీలకు అది ఇచ్చి చూస్తే తిమ్మిర్లు తగ్గలేదు సరికదా పెరిగాయని 2013లోనే తేలింది. డబ్బా వెనక చదవండి. ఆర్‌ఎంపీ దగ్గర "నరాల సూదులు" వేయించకండి.

ఇంట్లో చేయాల్సిన పనులు ఖర్చులేనివే. స్నానం నీళ్లు ఆవిడ చేత్తో కాదు, మీ మోచేత్తో చూసి పోయండి. పొయ్యి మీది గిన్నె ఆవిడను దించనివ్వకండి. రోజూ రాత్రి అరికాళ్లు ఎవరో ఒకరు చూడాలి. ముల్లు గుచ్చుకున్నా, మెట్టె ఒరుసుకున్నా ఆవిడకు తెలియదు. మెట్టెలు తీయనంటారు. ముత్తైదువ గదా. పెద్ద టీచరమ్మ భర్తే నచ్చజెప్పి స్వయంగా తీసి, చికిత్స అయ్యేదాకా తన జేబులో పెట్టుకున్నారు. హవాయి చెప్పుల బదులు వెనక పట్టీ ఉన్న చెప్పులు. బాత్రూం గోడకు పట్టుకునే కడ్డీ. కింద కూర్చునే దొడ్డిలో ఆపరేషన్ అయిన మనిషి లేవలేదు, కుర్చీలాంటి కమోడ్ స్టాండ్ మెడికల్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది.

తిండి గురించి. మన ఇళ్లల్లో జబ్బనగానే పథ్యం. పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు జలుబు, వంకాయ దురద అని ఒక్కొక్కటే తీసేసి, చివరికి ఆవిడకు చారన్నం మిగులుస్తారు. కీమోలో ఉన్న పెద్దావిడ కండ కరిగిపోతుంది. కండ పోతే నడక పోతుంది, మందు తట్టుకోలేదు. గుడ్డు పెట్టండి, పప్పు పెట్టండి, కాచిన పాలతో ఇంట్లో తోడుపెట్టిన పెరుగు పెట్టండి, తినేవాళ్లయితే చేప, కోడి. ఒకేసారి కాదు, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం. నోరు ఇనుము నాకినట్టుందంటారు, అప్పుడు స్టీలు చెంచా పక్కన పెట్టి చేత్తోనో ప్లాస్టిక్ చెంచాతోనో తినమనండి, నిమ్మరసం కలపండి. నోరు పూసినప్పుడు మాత్రం పులుపూ కారమూ ఆపాలి. ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. కట్టుడు పళ్లు తీసిపెట్టాలి. ఈత కల్లు బలమని తాపకండి, కౌంట్ తక్కువ ఉన్నప్పుడు ప్రమాదం. లక్ష్మణఫలం ఆకుల కషాయం గురించి ప్రతి వారం ఎవరో ఒకరు అడిగేవారు. మనుషుల్లో అది క్యాన్సర్ తగ్గించినట్టు రుజువు లేదు. ఎక్కువ వాడితే నరాలకు చెడు చేస్తుందన్న ఆందోళన ఉంది. అసలే మందుతో నలిగిన నరాలవి.

నీరసానికి విశ్రాంతి ఒక్కటే మందనుకుంటాం. ఇది మామూలు అలసట కాదు, నిద్రపోతే తీరదు. రక్తం తగ్గిందేమో, థైరాయిడ్ ఉందేమో, మనసు కుంగిందేమో ముందు చూడాలి. అవేవీ కాకపోతే మందులన్నిటికన్నా బాగా పనిచేసేది నడకేనని పరిశోధనలు పదే పదే చెబుతున్నాయి. హైవే పక్కనే ఆక్సిజన్ పార్కు ఉంది. పొద్దున్నే, జనం తక్కువున్నప్పుడు, తోడుతో, పది నిమిషాలు. మొదట పది నిమిషాలు చాలు. మంచంలో ఉన్న ప్రతి వారమూ పెద్దవాళ్ల కాళ్లను బలహీనం చేస్తుంది.

జుట్టు. మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు దిండు నిండా వెంట్రుకలు. "ఈ వయసులో జుట్టెందుకమ్మా" అని ఓదార్చేవాళ్లను ఆపండి, అది ఓదార్పు కాదు. జుట్టు రాలడం మొదలవగానే యాదగిరిగుట్టకో కీసరగుట్టకో వేములవాడకో తీసుకెళ్లి గుండు చేయించే కుటుంబాలు చాలా ఉన్నాయి. బంధువులడిగితే మొక్కు తీర్చుకున్నామంటారు. దేవుడికి ఇచ్చాననుకుంటే ఆవిడ మనసుకు నెమ్మదిగా ఉంటే మంచిదే. కానీ చాలాసార్లు ఆ మొక్కు జబ్బు పేరును దాచడానికి. నాకు బాధ అక్కడే.

పెద్దావిడకు క్యాన్సర్ అని చెప్పకుండానే కీమో ఇప్పించే ఇళ్లున్నాయి. ఫైలు మీద ఆసుపత్రి పేరుకు కాగితం అంటించి తెస్తారు. "సిస్టర్, మా అమ్మకు తెలియదు, గడ్డ కరిగే సెలైన్ అని చెప్పినం" అని చెవిలో చెబుతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ తనకేం ఎక్కుతున్నదో తెలియని మనిషి, పదకొండో రోజు చలేస్తే దాన్ని మందుతో ఎలా ముడిపెట్టుకుంటుంది? ఎవరికి చెబుతుంది? నటి మనీషా కొయిరాలా మన ప్రేక్షకులకు క్రిమినల్ సినిమాతో తెలుసు. 2012లో ఆమెకు ఇదే అండాశయ క్యాన్సర్ వచ్చింది. ఆమె దాచలేదు, చికిత్సలో పడ్డ బాధలు తర్వాత పుస్తకంగా రాశారు. మన అమ్మలు సినిమా తారలు కాకపోవచ్చు, తమ ఒంటికి ఏమైందో తెలుసుకునే హక్కు వాళ్లకూ ఉంది. ఒకేసారి చెప్పనక్కర్లేదు. వాళ్లు అడిగినంత మేరకు, నిజం చెప్పండి. నా అనుభవంలో చాలామందికి ముందే తెలుసు. పిల్లలు బాధపడతారని తెలియనట్టు ఉంటారు.

బాధలు చెప్పుకుంటే ఏమొస్తుందంటారా? న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో ముదిరిన క్యాన్సర్లకు కీమో తీసుకుంటున్న 766 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఇంటి దగ్గర్నుంచే తమ బాధలను కంప్యూటర్లో నమోదు చేసేది, తీవ్రమైనవి ఉంటే నర్సుకు సందేశం వెళ్లేది. రెండో జట్టుకు మామూలు పద్ధతే. 2017లో వచ్చిన ఫలితాల్లో మొదటి జట్టులో మధ్యస్థ (మీడియన్) జీవితకాలం 31.2 నెలలు, రెండో జట్టులో 26. ఏ కొత్త మందూ ఇవ్వలేదు. చెప్పారు, ఎవరో విన్నారు, అంతే. ఇక్కడ కంప్యూటర్ అక్కర్లేదు. పెద్ద టీచరమ్మ పాత హాజరుపట్టీ తీసి, తారీఖు పక్కన జ్వరం, విరేచనం, తిమ్మిరి, తిండి, నిద్ర అని గళ్లు గీసుకున్నారు. నెలాఖరుకు డాక్టరు ముందు పెట్టేవారు. వేళ్లకు పెన్ను పట్టు తప్పాక మనవడు రాసేవాడు.

ఆరు కీమోలతో అయిపోతుందని అందరూ అనుకుంటారు. ఆ తర్వాత కొందరికి ఇంటిదగ్గరే వేసుకునే గోలీలు రాస్తారు. ఒలాపరిబ్‌కు రక్తం తగ్గుతుంది. నిరాపరిబ్‌కు ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, బీపీ పెరగవచ్చు, అందుకే మొదటి నెల వారం వారం రక్తపరీక్ష. గోలీయే గదా అని పరీక్షలు మానేస్తున్నారు, మానకండి. బెవాసిజుమాబ్ ఎక్కుతుంటే బీపీ చూడాలి, ఉన్నట్టుండి తీవ్రమైన కడుపునొప్పి వస్తే ఆగకూడదు. జబ్బు తిరగబెట్టి మళ్లీ కార్బోప్లాటిన్ ఎక్కించేటప్పుడు, అంతకుముందు ఆరుసార్లు ఏమీ కాకపోయినా, ఏడో ఎనిమిదో సారికి మందు పడకపోవచ్చు. అరచేతులు దురదపెడితే వెంటనే నర్సును పిలవండి, సెలైన్ అయిపోయాక చెబుదామనుకోకండి.

డబ్బు సంగతి దాటవేయలేను. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది. బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000 జూన్ 22న మొదలైంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్ 9న పది లక్షలకు పెంచారు. అదే రోజు ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణమూ వచ్చింది. మేలే. కానీ కొంపల్లి, సుచిత్ర, బోయినపల్లి మీదుగా కిక్కిరిసిన బస్సులో, కౌంట్ తక్కువున్న మనిషి నిలబడి వెళ్లడమంటే మాటలు కాదు. టికెట్ డబ్బులు మిగిలాయని సంతోషించిన ఇల్లే, కీమో రోజున ఆటోకు డబ్బుల్లేక బస్సెక్కిస్తున్నది. ఈ ఊరి చుట్టూ ఇన్ని కాలేజీలున్నాయి, వాటికి బస్సులున్నాయి, కార్లున్న లెక్చరర్లున్నారు. నెలలో ఒకట్రెండు రోజులు ఊళ్లోని కీమో పేషెంట్లను తీసుకెళ్లి తీసుకురాగలరా అని వాళ్లను నేరుగా అడుగుతున్నాను. పిల్లలు ప్లేట్‌లెట్లు ఇవ్వగలరు కూడా.

పాలియేటివ్ కేర్ అనగానే ఇక ఆఖరి రోజులనుకుని భయపడతారు. ఎంఎన్‌జేలో ఆ విభాగం ఎన్నో ఏళ్లుగా ఉంది, జిల్లాల్లోనూ ప్రభుత్వం కేంద్రాలు పెట్టింది. నొప్పి, వాంతులు, నిద్రలేమి, దిగులు చూడటమే వాళ్ల పని. చికిత్స నడుస్తుండగానే వెళ్లవచ్చు. పెద్ద టీచరమ్మ రెండో కీమోకే వెళ్లారు. జబ్బు తిరగబెట్టి, ఇక కీమో వద్దని తనే నిర్ణయించుకున్నప్పుడు కూడా ఆ డాక్టర్లే తోడున్నారు. వద్దనుకోవడం ఆవిడ నిర్ణయం. అన్నీ తెలుసుకుని, తన నోటితో చెప్పిన నిర్ణయం. వయసు చూసి ఇంకొకరు ఆవిడ తరఫున తీసుకున్నది కాదు. ఈ రెంటికీ ఉన్న తేడా కోసమే ఇంతసేపు మాట్లాడాను.

ఒక్క విన్నపంతో ముగిస్తాను. ఈ సభకు శాలువాలు, మెమెంటోలు వద్దని ఆవిడ పిల్లలు ఆ డబ్బుతో డిజిటల్ థర్మామీటర్లు కొన్నారు. గేటు దగ్గర బల్ల మీద ఉన్నాయి. మీ ఇంట్లోనో మీ వీధిలోనో కీమో తీసుకుంటున్న పెద్దవాళ్లుంటే ఒకటి తీసుకెళ్లి వాళ్లకివ్వండి. 100.4 అనే అంకె డబ్బా మీద పెన్నుతో రాసి ఉంది. కింద, మీ ఆసుపత్రి ఫోన్ నంబరు రాసుకోవడానికి ఖాళీ వదిలారు. ఇంటికి వెళ్లగానే ఆ నంబరు రాయండి.